ఆ బొమ్మ ఎప్పటిది?

మాస్టారు పోయారని సోమవారం పొద్దున్న అమ్మ చెప్పింది. నేను గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాను. "నిద్రలోనేనట" అంది. వీధి చివర ఆయన మేడ మీది ఏంటెన్నా ఎప్పటిలాగే ఒక పక్కకి ఒరిగి ఉంది.

అమలాపురంలో ఆయన ఫిజిక్స్ చెప్పేవారు. కాన్వెంటు చదువు వల్ల నాకు అడిగితేనే జవాబు చెప్పడం అలవాటు. ఆయనకు అడగడం అలవాటు. అలా మాకు కుదిరింది. ఇంటర్ అయ్యాక కూడా ఖాళీ దొరికితే ఆయన ముందుగదిలో పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని.

రిటైరయ్యాక ఆయన అల్యూమినియం గొట్టాలతో ఏంటెన్నా కట్టుకుని, మన మీదుగా వెళ్లే వాతావరణ ఉపగ్రహాల సంకేతాలు పట్టేవారు. రిసీవర్లో టిక్కుటిక్కుమని చప్పుడు వచ్చేది. కంప్యూటర్ ఆ చప్పుడును గీతలుగా మార్చేది. గీత కింద గీత చేరుతూ బంగాళాఖాతం, దాని మీద మబ్బులు కనబడేవి. రేడియో చెప్పిందానికంటే ఈ బొమ్మనే నమ్మేవాళ్లు అంతర్వేదిలో కొందరు ఉండేవారు.

ఆ ప్రోగ్రాం పాతది, కొత్త కంప్యూటర్లో నడవదు. అందుకని మాస్టారు వర్చువల్ మెషీన్ పెట్టారు. అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్, అందులో పాత ఆపరేటింగ్ సిస్టం. పని అయ్యాక దాన్ని ఆపేసేవారు కాదు, నిద్రపుచ్చేవారు. లేపితే ఆగిన చోటి నుంచే మొదలయ్యేది. "దానికి మధ్యలో రాత్రి గడిచిందని తెలీదమ్మా" అనేవారు.

ఒక కార్తీకంలో ఆయన బయటి కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టంని మార్చి కొత్తది వేశారు. వర్చువల్ మెషీన్ తెరుచుకోలేదు. ఏదో దొరకలేదంటూ మూసుకుపోయేది. కొన్నాళ్లు దానితోనే గడిపారు. ఒకసారికి ఒకటే మార్చేవారు, మార్చి చూసేవారు. తెర మీద వచ్చిందంతా నన్ను పైకి చదవమనేవారు. "చివరిదాకా చదువు. భయపెట్టే మాట ముందుంటుంది, పనికొచ్చేది ఆఖర్న ఉంటుంది."

చివరికి, కొత్త సిస్టంకి సరిపడే వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ వేశాక ఒక పొద్దున్న తెరుచుకుంది. తెర నిండా బంగాళాఖాతం, ఒక్క మబ్బు మచ్చ లేదు. అదే సమయానికి చేపలావిడ అరుగు మీద బుట్ట దించింది. ఆవిడ రోజూ అంతర్వేది నుంచి బస్సులో వచ్చేది. కొడుకు పడవ మీద వేటకి వెళతాడు.

"రేడియోవోళ్లు వాయుగుండం అంటన్నారండి. ఆళ్లు ఎప్పుడూ అంటానే ఉంటారు. బొమ్మ ఏవంటందండీ మాస్టారూ?"

"శుభ్రంగా ఉంది. వెళ్లమను."

"ఆయ్. ఇన్నాళ్లూ బొమ్మ రాక మీకే జొరం వచ్చినట్టు ఉన్నారండి" అని నవ్వి, బేరం తొందరగా తెమిల్చి బస్సుకి వెళ్లిపోయింది.

మాస్టారు కొత్త బొమ్మ కోసం కూర్చున్నారు. రిసీవర్లో చప్పుడు వస్తోంది, తెర మీద మాత్రం గీత చేరడం లేదు. చప్పుడు లోపలి కంప్యూటర్‌కి అందడం లేదన్నారు. భోజనానికి కూడా లేవలేదు. బయట కొబ్బరాకు కదలడం లేదు. వీధిలో ఒక్క కాకి లేదు.

"టైమెంతమ్మా?"

"రెండు దాటిందండి."

ఆయన వేలు లోపలి తెర మూలకి వెళ్లింది. అక్కడి గడియారం సాయంత్రం ఆరు చూపిస్తోంది.

"ఇది ఎప్పటిది?" క్లాసులో అడిగినట్టే అడిగారు. జవాబు కోసం ఆగలేదు. సిస్టం మార్చకముందు తను నిద్రపుచ్చిన ఆకాశం అది.

అంతర్వేదిలో పడవల దగ్గరి టీ కొట్టుకి ఫోన్ చేశారు. చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు. "ఎళ్లిపోయేడండి. వాళ్లమ్మ బస్సు దిగి, మాస్టారు ఎళ్లమన్నారని చెప్పేక ఇంకాగుతాడేటండీ?"

సాయంత్రానికి గాలి లేచింది. కరెంటు పోయింది. మేడ మీద ఏదో విరిగిన చప్పుడైంది. మాస్టారు నల్లటి తెర ముందు నుంచి కదలలేదు. మర్నాడంతా కబురు లేదు. ఆ మర్నాడు చేపలావిడే వచ్చింది, బుట్ట లేకుండా.

"కాట్రేనికోన కాడ పేణాలతో ఒడ్డుకి కొట్టుకొచ్చేడండి. పడవ పోయింది. మీరు చెప్పకపోయినా ఎళ్లేవోడేనండి ఆడు."

"వెళ్లేవాడు కాదమ్మా" అన్నారు మాస్టారు.

తర్వాత కూడా బొమ్మలు పట్టారు. కానీ "వెళ్లమను" అన్న మాట మళ్లీ ఆయన నోట వినలేదు. ఎవరు అడిగినా తెర వాళ్ల వైపు తిప్పి, ముందు గడియారం చూపించేవారు. ఒరిగిన ఏంటెన్నాని నిలబెట్టిద్దామంటే "అలా ఉండనీ" అన్నారు.

ఆయన పోయిన సోమవారం ఆ ఇంటికి చేపలావిడా, కొడుకూ వచ్చారు. అతను గుమ్మం బయటే నిలబడ్డాడు. ఆకాశం కిందికి దిగి ఉంది. అంతా అయ్యాక ఆవిడ మెల్లిగా అడిగింది. "బొమ్మ ఏవంటందో ఓసారి చూత్తారా అమ్మా? ఈడు రేపు ఎళ్తానంటన్నాడు."

మాస్టారి భార్య నావైపు చూశారు. "నిన్న సాయంత్రం బొమ్మ వస్తూండగానే దాన్ని నిద్రపుచ్చేసి, నడుం వాలుస్తానని లేచేరమ్మా" అన్నారు.

కంప్యూటర్ వేసి వర్చువల్ మెషీన్ని లేపాను. బొమ్మ సగమే ఉంది. మబ్బుల అంచు ఒకటి మెలితిరుగుతూ మన తీరం దాకా వచ్చి అక్కడ తెగిపోయింది.

తెరని అతని వైపు తిప్పి, మూలనున్న గడియారం మీద వేలు పెట్టాను. "ఇది నిన్నటిది" అన్నాను.

అతను గడియారం చూడలేదు. తీరానికి కింద, సముద్రం ఉండాల్సిన చోట ఉన్న నలుపునే చూస్తూ నిలబడ్డాడు.