నిండుకుందన్న మా బావగారు

మా బావగారు చనిపోయారు. ఈ మాట ఇంత మొహమ్మీద కొట్టినట్టు రాసినందుకు ఆయన ఉంటే నన్ను కోప్పడేవారు. "ఏందమ్మా అట్టా రాశావు, వేరే మాటే దొరకలేదా?" అనేవారు. బ్లాక్‌టౌన్‌లో వాళ్ళింటి ముందు చెత్త డబ్బాలు రోడ్డు పక్కకి తోస్తూ తోస్తూ అక్కడే కూలబడ్డారు. మా తోడికోడలు బయటికొచ్చి చూసేసరికే అయిపోయింది. నాకు ఫోన్ చేసి "మీ బావగారు..." అని ఆగిపోయింది అక్కయ్య. తర్వాతి మాట ఆమె నోట రాలేదు. అన్నేళ్ళు ఆయనతో కాపురం చేసిన మనిషికి ఆ మాట ఎలా వస్తుంది?

ఆ ఇంట్లో కొన్ని మాటలకి ప్రవేశం లేదు. బియ్యం లేవనకూడదు, నిండుకున్నాయనాలి. దీపం ఆరిందనకూడదు, కొండెక్కిందనాలి. మంగళసూత్రం తాడు తెగితే పెరిగిందనాలి. బయల్దేరేవాళ్ళు "వెళ్తున్నా" అన్నారంటే గుమ్మంలో నిలబెట్టి "వెళ్ళొస్తా" అనిపించి గానీ పంపేవారు కాదు. తెలుగిళ్ళలో ఇదంతా మామూలే. మా బావగారిది మాత్రం కాస్త ముదిరిన వ్యవహారం. ఒంగోల్లో చిన్నప్పుడు వాళ్ళమ్మగారు నేర్పిన పాఠం అది. ఇంట్లో లేదన్న మాట వినపడితే తథాస్తు దేవతలు తథాస్తు అనేసి పోతారట. ఇంగ్లీషులో మాత్రం ఆయనకి ఏ పట్టింపూ లేదు. షాపులో "నో మిల్క్ టుడే?" అని హాయిగా అడిగేవారు. ఆ దేవతలకి ఇంగ్లీషు రాదని ధైర్యం కాబోలు.

ఇలాంటి మనిషికి కార్ల రేసుల పిచ్చి. ఈ దేశానికి స్టూడెంట్‌గా వచ్చిన కొత్తలో శనివారాలు రేస్ ట్రాక్ క్యాంటీన్‌లో చిప్స్ వేయించే పని చేశారట. అక్కడ అంటుకుంది. తర్వాత పారమట్టాలో అకౌంటెంట్ అయ్యారు, టై కట్టుకుని రైల్లో తిరిగారు, అయినా అది వదల్లేదు. తనొక్కరికే ఉంటే సరిపోయేది. మా అమ్మాయికి నడక వచ్చిందో లేదో చెవుల్లో దూది పెట్టి, భుజాన ఎక్కించుకుని ట్రాక్‌లకి తిప్పారు. యూనివర్సిటీలో చేరి ఏదో ఉద్యోగం చూసుకుంటుందనుకున్న పిల్ల, డిగ్రీ తీసుకుని నా చేతిలో పెట్టి స్టాక్ కార్ ఎక్కింది. ఆ విషయంలో నేను ఆయనతో పెట్టుకున్న పోట్లాటలు అన్నీ ఇన్నీ కావు. అన్నిటికీ ఆయన ఒకటే జవాబు. "పిల్ల బాగా తోల్తదమ్మా, నువ్వు ఒకసారొచ్చి చూడు."

వాళ్ళకి పిల్లల్లేరు. ఆ మాట కూడా ఆయన అనేవారు కాదు. ఎవరైనా అడిగితే "మా అమ్మాయి తమ్ముడింట్లో పెరుగుతోంది" అనేవారు. కొత్తవాళ్ళు అదేదో పెంపకం వ్యవహారమనుకుని నా వంక అదోలా చూసేవాళ్ళు. నాకు కోపం రావాలి నిజానికి. ఎప్పుడూ రాలేదు.

స్టాక్ కార్లు పైకి రోడ్డు మీద కార్లలాగే ఉంటాయి గానీ లోపలంతా ఇనుప గొట్టాల పంజరం. వాటిని పరిగెత్తించే ట్రాక్, సూపర్‌స్పీడ్‌వే, పెద్ద బాణలి అంచులా వాలుగా ఉంటుంది. కార్లన్నీ గుంపుగా, ఒకదాని మూతి ఇంకోదాని తోకకి ఆనించి పోతాయి. తోలేవాళ్ళ తలని హెల్మెట్‌తో సహా పట్టీలతో బిగించేస్తారు కాబట్టి అటూ ఇటూ తిరగడానికుండదు. వాళ్ళ బదులు చూడటానికి ప్రేక్షకుల స్టాండ్ కప్పు మీద ఒక మనిషి నిలబడి, పక్కన ఎవరున్నారో, వెనక ఎవరొస్తున్నారో రేడియోలో చెవిలో చెబుతుంటాడు. అతన్ని స్పాటర్ అంటారు. మా అమ్మాయికి స్పాటర్ వాళ్ళ పెదనాన్నే.

ఇద్దరూ తెలుగులోనే మాట్లాడుకునేవాళ్ళు. మిగతా టీముల వాళ్ళు కూడా ఈ రేడియోలు వింటుంటారు కాబట్టి, ఎవరికీ అర్థం కాని భాష ఉండటం గొప్ప లాభమని వాళ్ళ టీమ్‌ని నడిపించే క్రూ చీఫ్ తెగ మురిసిపోయేవాడు. నాకూ ఒక హెడ్‌సెట్ ఇచ్చేవారు. ఇంట్లో గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి అక్కడ ముక్తసరిగా మాట్లాడేవారు. "లోపల ఉన్నాడు. ఇంకా ఉన్నాడు. ఇంకా ఉన్నాడు." ఆ పక్క కారు వెనకబడగానే "లేడు" అనాలి కదా, అనేవారు కాదు. "దారి నీదే తల్లీ" అనేవారు. కారు ఎంత భయంకరంగా పోతున్నా ఆ గొంతు వింటుంటే నాకు భయం వేసేది కాదు.

కిందటేడు పెద్ద రేసు. అందులో బాగా చేస్తే ఏడాదంతా కారు నీకే ఇస్తామని టీమ్ వాళ్ళు మా అమ్మాయికి చెప్పారు. ఆఖర్లో పెట్రోలు తక్కువ పడింది, ట్రాక్ పక్కనున్న పిట్‌లోకి దిగి పోయించుకోవాలి. ఆ సంగతి పక్క టీములకి తెలియకూడదని క్రూ చీఫ్ తను చెప్పకుండా, వేరే చానల్లో బావగారితో "మీ భాషలో చెప్పు, పెట్రోల్ అయిపోయింది, ఈ రౌండే పిట్‌లోకి రమ్మను" అన్నాడు.

బావగారు చెప్పారు. నా చెవులతో నేనే విన్నాను.

"అమ్మలూ, పెట్రోలు నిండుకుంది."

"ఆసమ్, పెదనాన్నా!" అంది మా అమ్మాయి.

ఆసమ్ ఏమిటని ఆయనకి అనుమానం రాలేదు. ఇక్కడి పిల్లలు అన్నిటికీ ఆసమే అంటారు కదా. లోపలికి రమ్మని ఇంకో ముక్క చెప్పి ఉండొచ్చు. కానీ లోపల అంటే వాళ్ళిద్దరి లెక్కలో లోపలి వైపు ఇంకో కారు ఉందని అర్థం, తికమక పడుతుందని ఊరుకున్నారు. అయినా పెట్రోలు నిండుకుందన్నాక పెట్రోలు పోయించుకోవడానికి రాకుండా ఎవరైనా ఉంటారా?

ముందున్న కార్లు ఒక్కొక్కటే పిట్‌లోకి దిగాయి. మా అమ్మాయి దిగలేదు. అందరికంటే ముందుకొచ్చేసింది. మా ఆయన కుర్చీ ఎక్కి అరుస్తున్నారు.  ఆ నిండుకోవడమన్న మాట మా అమ్మాయికి నేనెప్పుడూ నేర్పలేదని నాకప్పుడు తట్టింది, తట్టేసరికి ఇంజన్ దగ్గింది. కారు మెల్లబడింది. వెనక గుంపంతా మీదికొచ్చేసింది. ఒకడు తప్పించుకోబోయి వెనక చక్రం దగ్గర గుద్దాడు. మా అమ్మాయి కారు బొంగరంలా తిరిగి తిరిగి గడ్డిలోకి పోయి ఆగింది. హెడ్‌సెట్‌లో బావగారి గొంతు "అమ్మలూ, అమ్మలూ, అమ్మలూ" అంటూనే ఉంది. చాలాసేపటికి "ఐయామ్ ఓకే" అని వినపడింది.

గ్యారేజ్‌లో ఇద్దరూ ఎదురుపడ్డారు.

"ఫుల్‌గా ఉందన్నావు కదా పెదనాన్నా!"

"ఎప్పుడన్నాను? నిండుకుందన్నానే!"

"యా, నిండుకుంది! ఫుల్!"

 క్రూ చీఫ్ ఇద్దరి వంకా చూసి చివరికి నన్నడిగాడు. నేను చెప్పాను. ఇంట్లో ఏదైనా అయిపోతే మేం అయిపోయిందనం, నిండుకుందంటాం, శుభం కోసం అని. అతను "అంటే మీ భాషలో ఫుల్ అంటే ఎంప్టీనా?" అన్నాడు. వెక్కిరించడానికి అన్న మాట కాదు అది. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. అక్కడ ఎవరూ నవ్వలేదు. ఆ ఏడాది కారు ఇంకొకరికి వెళ్ళింది.

బావగారు హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టేశారు. "నా నోరు పనికిరాదమ్మా" అన్నారు. ఆ తర్వాత మా అమ్మాయి చిన్న ట్రాక్‌ల మీద వేరేవాళ్ళ గొంతుతో తోలింది. ఈయన స్టాండ్‌లో నా పక్కన కూర్చుని, హెడ్‌సెట్ లేకుండానే పెదాలు కదుపుతుండేవారు. మనిషి సగమైపోయారు. ఆయన మళ్ళీ ఆ కప్పు ఎక్కుతారా అన్నదే ఏడాదంతా మా రెండిళ్ళలో ఉన్న బెంగ.

మొన్న ఎండాకాలం ఒక ఆదివారం మధ్యాహ్నం, బావగారి పెరట్లో బార్బెక్యూ పొయ్యి దగ్గర మా అమ్మాయే తేల్చేసింది. పెద్ద ట్రాక్ మీద మళ్ళీ ఛాన్స్ వచ్చిందట.

"నాకు నువ్వే కావాలి అక్కడ. వేరే వాయిస్ వద్దు."

"వద్దమ్మలూ. ఈసారి నీకేమన్నా అయితే నేను బతకలేను."

"సో స్ట్రెయిట్‌గా చెప్పు. ఉంటే ఉంది, లేకపోతే లేదు. సింపుల్."

"ఆ రెండోదే రాదు నాకు."

"ప్రాక్టీస్ చెయ్, పెదనాన్నా."

చేశారు. వాళ్ళింట్లో అక్కయ్య ఒప్పుకోదని మా వంటింటికొచ్చి మరీ చేశారు. బియ్యం డబ్బా మూత తీసి "ఉన్నాయి" అని ధైర్యంగా అనేవారు. నూనె డబ్బా ఊపి చూసి "నూనె... నూనె..." అని తడబడేవారు, నుదుటి మీద చెమట. ఒకరోజు కళ్ళు మూసుకుని "నూనె లేదు!" అని గట్టిగా అనేశారు. నేను చప్పట్లు కొట్టబోయాను. అంతలోనే కారు తాళాలు తీసుకుని ఇండియన్ షాపుకి పోయి నూనె తెచ్చి నా పొయ్యి పక్కన పెట్టారు. "ఎందుకొచ్చిన గొడవమ్మా, వాళ్ళు వినే ఉంటారు" అన్నారు. అలా అన్నప్పుడల్లా తెచ్చారు. ఆ నూనె ఈ జన్మకి అయ్యేలా లేదు. మూత తీయడానికి చేతులు రావడం లేదు.

ఆఖరికి నాలుక తిరిగింది. మా అమ్మాయికి ఫోన్ చేసి "వస్తున్నా అమ్మలూ, ఎక్కుతున్నా" అన్నారు. టీమ్ వాళ్ళకి పేరు కూడా ఇచ్చేశారు. రేసు ఇంకా రాకముందే ఇలా జరిగింది. నా మనసుకి ఇదే మింగుడుపడటం లేదు. అంత కష్టపడి నేర్చుకున్న మాట, చెప్పాల్సిన చోట ఒక్కసారి చెప్పకుండానే వెళ్ళిపోయారు.

దహనానికి మా ఆయనే కర్త. క్రిమటోరియంలో పెట్టె లోపలికి వెళ్ళాక తలుపు మూసుకుంది. పంతులుగారు అందరినీ బయటికి నడిపిస్తూ "ఎవరూ వెనక్కి తిరిగి చూడకండి, తిన్నగా కార్ల దగ్గరికి వెళ్ళిపోండి" అన్నారు. తలలు వంచుకుని నడిచాం. సగం దూరంలో నా పక్కన అడుగుల చప్పుడు ఆగింది. మా అమ్మాయి వెనక్కి తిరిగి నిలబడింది.

"అమ్మా, అలా చూడకూడదు" అన్నారు పంతులుగారు. నేను చెయ్యి పట్టుకోబోయాను.

"ఎవరో ఒకరు చూడాలి కదా అమ్మా," అంది తెలుగులోనే.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అక్కయ్యని పట్టుకుని కారెక్కించి, ముందు సీట్లో కూర్చున్నాను. నేను తల తిప్పలేదు. పక్క అద్దంలో నల్ల డ్రెస్సులో మా అమ్మాయి వీపు కనిపిస్తోంది. పైన క్రిమటోరియం పొగగొట్టం దగ్గర గాలి వేడికి అల్లల్లాడుతోంది. ఆమె తల పైకెత్తి ఆ గాలి వంకే చూస్తూ, కళ్ళలో ఎండ పడుతున్నా చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, అక్కడే నిలబడి ఉంది.