సాఫ్ట్‌వేరు కలిపేసిన అన్నదమ్ములు

ఆఫీసులో ఆవిణ్ణి అందరూ కరెక్షనక్క అంటారు. నీళ్ళ ఫిల్టర్లు అమ్మి, వాటికి రిపేర్లు చేసే కంపెనీ అది. ఇల్లు మారినవాళ్ళు, ఫోన్ నంబరు మార్చినవాళ్ళు, పేరులో అక్షరం తప్పు పడిందని అలిగినవాళ్ళు, అందరి వివరాలూ కంప్యూటర్లో సరిచెయ్యడం ఆవిడ పని. తప్పు కనబడితే ఆవిడ నోరు ఊరుకోదు. ఒకసారి పక్కింటి గేటు మీద ‘కుక్క ఉంది జాగ్రత’ అని ఉంటే, త కింద ఒత్తు లేదని తలుపు తట్టి మరీ చెప్పొచ్చింది. కుక్క కరవలేదు గానీ ఆ ఇంటావిడ కరిచినంత పని చేసింది.

అలాంటి మనిషి నెత్తిన కంపెనీవాళ్ళు కొత్త సాఫ్ట్‌వేరు తెచ్చి పెట్టారు. ఒకే మనిషికి రెండు ఖాతాలుంటే అదే పసిగట్టి కలిపేస్తుందట.

“ఇక నీకు సగం పని తగ్గినట్టేనమ్మా,” అని మేనేజరు తెగ మురిసిపోయాడు.

తగ్గడం మాట దేవుడెరుగు, మొదటి వారంలోనే కవలలు తగులుకున్నారు. ఇద్దరూ రిటైరైనవాళ్ళు. ఒకే ఇల్లు, కింద అన్న, మేడ మీద తమ్ముడు. ఒకటే ఇంటిపేరు, ఒకటే పుట్టినరోజు, ఒకటే ఇంటి నంబరు. మాటలు మాత్రం లేవు. ఇల్లు పంచుకున్న రోజున ఆగిపోయిన మాటలు మళ్ళీ మొదలు కాలేదు. సాఫ్ట్‌వేరుకి ఆ సంగతేం తెలుసు? ఇద్దర్నీ కలిపి ఒక్కణ్ణి చేసి, తమ్ముడి ఫోన్ నంబరు ఒక్కటే ఉంచింది.

కిందాయన ఫిల్టరు కారుతోందని ఫిర్యాదు చేస్తే, మెకానిక్ నేరుగా మేడెక్కి, శుభ్రంగా పనిచేస్తున్న మిషను విప్పి కొత్త సామాను బిగించి వచ్చాడు.

“నా వంటగదిలో నీళ్ళు మడుగు కట్టాయమ్మా! వాడికి సేవలు చేస్తారా మీరు?” అని కిందాయన.

“నేనడిగానా? నా మిషను జోలికి ఎవరు రమ్మన్నారు?” అని పైనాయన.

కరెక్షనక్క ఖాతాలు విడగొట్టింది. మర్నాటికి మళ్ళీ కలిసిపోయాయి. మళ్ళీ విడగొట్టింది. మళ్ళీ కలిశాయి. ఒళ్ళు మండి సాఫ్ట్‌వేరు వాళ్ళకి ఫోన్ చేసింది.

“మా సిస్టమ్ ప్రకారం వాళ్ళిద్దరూ ఒక్కరే మేడమ్,” అంది అవతలి అమ్మాయి తియ్యగా.

“ఒక్కరెలా అవుతారమ్మా? పోట్లాడుకుంటున్నారు! ఎవడైనా తనతో తాను అన్నేళ్ళు పోట్లాడుకుంటాడా?”

చివరికి ఆ అమ్మాయే ఒక ఉపాయం చెప్పింది. చిరునామాల్లో తేడా చూపించి, కిందాయన ఒప్పుకున్నట్టు ఓటీపీ కొట్టించాలి. ఖాతా కలిసిపోయింది కాబట్టి ఓటీపీ వచ్చేది పైనాయన ఫోనుకి. కొట్టాల్సింది కిందాయన తన ఫోనులో.

ఇంటి నంబరు పక్కన ‘ఏ’, ‘బీ’ అని పెడదామంటే, “నేను బీ ఏంటి?” అన్నాడు పైనాయన. ‘పై’, ‘కింద’ అని పెడదామంటే, “నేను వాడి కింద ఏంటి?” అన్నాడు కిందాయన. పోనీ ఏదో ఒకటి పెట్టి, ఫోన్లో ఒకరి దగ్గర ఓటీపీ తీసుకుని రెండో ఆయనకి చెబుదామంటే, కిందాయనకి వినబడేలోపు గడువు దాటిపోయేది. ఇక లాభం లేదని స్వయంగా బయల్దేరింది.

అక్కడికి వెళ్ళాక ఒక్క మంచి పని జరిగింది. మేడ మెట్లు ఇంటి పక్క సందులోంచి ఉన్నాయి. ‘వీధి గుమ్మం’, ‘సందు గుమ్మం’ అని రాసింది. ఇందులో తక్కువతనం ఏమీ దొరక్క ఇద్దరూ ఊరుకున్నారు.

మిగిలింది ఓటీపీ.

“ఫోనివ్వండి, కింద చూపించి తెచ్చేస్తా,” అంది పైనాయనతో.

“నా ఫోను ఆ గడప తొక్కదు.”

అంకెలు నోట్లో వల్లించుకుంటూ మెట్లు దిగింది. కిందాయన కళ్ళద్దాలు వెతుక్కునేసరికి గడువు అయిపోయింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ దిగింది. ఈసారి ఆయన ఒక అంకె తప్పు నొక్కాడు. మోకాళ్ళు పట్టేశాయి. కరెక్షనక్క సగం మెట్ల మీద, కింది వంటగది కిటికీ పక్కన చతికిలబడింది.

“నేనిక ఎక్కను, దిగను! అంకెలు మీరే చెప్పుకోండి. లేదంటే సాఫ్ట్‌వేరు అన్నట్టు ఇద్దరూ ఒక్కరైపోండి, నాకేం!”

పైనుంచి, గోడతో చెబుతున్నట్టు, “నాలుగు... ఏడు...” అని వినిపించింది.

“ఏడా, ఆరా?” కిటికీలోంచి కిందాయన.

“ఏడు! చెవులు చూపించుకోమని అప్పట్లోనే చెప్పానా లేదా?”

“ఎప్పుడు చెప్పావురా?”

“నాన్న ఉన్నప్పుడే చెప్పా!”

“నాన్న మాట ఎత్తకు! మెట్లు సందులోకి తిప్పించింది ఎవరు?”

కరెక్షనక్క తల పట్టుకుంది. “అయ్యా, గడువు!”

అయిపోయింది. ఇంకోసారి పంపించింది. ఈసారి తమ్ముడు ఒక్కో అంకే అరిచి చెప్పాడు, అన్న ఒక్కోటీ తిరిగి అరిచి నొక్కాడు. పని అయింది. ఆవిడ సందు మలుపు తిరిగేదాకా మెట్ల గొడవ వినిపిస్తూనే ఉంది.

మర్నాడు ఖాతాలు రెండుగానే ఉన్నాయి. “చూశావా, కొత్త సాఫ్ట్‌వేరు ఎంత చక్కగా పనిచేస్తోందో!” అన్నాడు మేనేజరు. ఆవిడ తల వంచుకుని కీబోర్డు టకటకలాడించింది. నిజం చెబితే ఉద్యోగం ఉండదు.

మధ్యాహ్నం పైనాయన ఫోన్ చేశాడు. “మళ్ళీ ఏం కొంప మునిగిందండీ?” అంది ఆవిడ విసుగ్గా.

“అది కాదమ్మా. కిందాయనకి ఫోన్ చేసినప్పుడు కాస్త గట్టిగా మాట్లాడండి. కుడి చెవి అసలు పనిచెయ్యదు. ఆయన ఖాతాలో రాసి పెట్టుకోండి. నేను చెప్పానని మాత్రం అనకండి.”

“సరే బాబాయిగారూ,” అంది. గొంతులో విసుగు ఎటు పోయిందో ఆవిడకే తెలియలేదు.

కిందాయన ఖాతా తెరిచి, ‘గట్టిగా మాట్లాడాలి, కుడి చెవి వినబడదు’ అని రాసింది. సాఫ్ట్‌వేరు ఒప్పుకోలేదు. ఈ సమాచారం ఎవరిచ్చారు, అని ఎర్రటి అక్షరాలతో అడిగింది. ఎంచుకోవడానికి మూడే మూడు జవాబులు ఉన్నాయి: కస్టమరు, మెకానిక్, ఇతరులు.

“నీ మొహం మండా,” అని తెరని తిట్టి, ‘ఇతరులు’ మీద నొక్కి, మోగుతున్న ఇంకో ఫోన్ ఎత్తింది.