డివైడర్ జాలికి నేను వేసిన ముడి

పడమటి తీరాన హజీరా దగ్గర మొదలై దేశాన్ని అడ్డంగా దాటి తూర్పు సముద్రం దాకా పోయే రహదారి మేం మగ్గాల పనికి వలసొచ్చి ఉంటున్న డిండోలికి దగ్గర్లోనే ఉంది. మా సొంతూరికి పోయే బస్సు ఎక్కాలంటే దాన్ని దాటి అవతలి వైపు నిలబడాలి. మునుపు డివైడర్ మధ్యలో సందు ఉండేది. ప్రమాదాలు జరుగుతున్నాయని దాన్ని మూసేసి, పొడవునా ఇనుప జాలి బిగించి, కొంత దూరంలో కాలినడక వంతెన కట్టారు. మంచి పనేనని ఇప్పుడంటున్నాను గానీ అప్పుడు నోటికొచ్చినట్టు తిట్టాను. మూటలు మోసుకుంటూ అన్ని మెట్లు ఎవడెక్కుతాడు?

అందుకని సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే మావాళ్లం జాలిని ఒకచోట నిలువునా కత్తిరించాం. అనుమానం రాకుండా నైలాన్ దారంతో మళ్లీ కట్టేవాళ్లం. తెగిన పోగును అతికే మా నేతముడి వేస్తే, కిటుకు తెలిసినవాడే విప్పగలడు. ఆ వారం కట్టింది నేను. గట్టిగా ఉండాలని రెండు ముడులు ఎక్కువే వేశాను.

నాలుగు రోజులకు మరదలి పెళ్లికి బయలుదేరాం. నేను, నా భార్య, ఆరేళ్ల మా బిడ్డ. సాయంత్రం నాలుగైంది. సగం రోడ్డు పరుగున దాటి డివైడర్ ఎక్కాం. అవతల బస్సు ఆగి హారన్ కొడుతోంది. నా ముడి నాకే ఊడిరావడం లేదు. వానకు తడిసి, ఎండకు ఎండి బిగుసుకుపోయింది. అది వేసింది నేనేనని భార్యకు చెప్పలేదు. పళ్లతో కొరికాను. వెనక లారీలు పోతుంటే కాళ్ల కింద డివైడర్ అదురుతోంది.

“జర జల్దీ గానియ్, బస్సు పోతది!” అంది ఆమె.

“ఆగవే, నా పానం తియ్యకు!” అని కసిరాను.

బిడ్డ చెయ్యి మాలో ఎవరు వదిలామో నాకిప్పటికీ తెలియదు. జాలి అడుగున చిన్న సందుంది. తలెత్తేసరికి పిల్ల అటువైపు ఉంది, ఒంటరిగా, బండ్ల ముందు. బస్సు క్లీనర్ చేతులూపుతూ “రాకు బిడ్డా, ఆడనే ఉండు!” అని అరుస్తున్నాడు. హోరులో వినపడక, రమ్మంటున్నాడనుకుంది. ఒక కాలు రోడ్డు మీదికి దించింది.

నా భార్య జాలి కన్నంలోంచి వేళ్లు దూర్చి గౌను పట్టుకుంది. రెండు వేళ్లకు చిక్కింది గుడ్డ పీలికంత. కంటైనర్ బండి ఒకటి పిల్ల ముందునుంచే దూసుకుపోయింది.

దారం ఎప్పుడు తెగిందో, మేం అటువైపు ఎప్పుడు దూరామో గుర్తులేదు. బిడ్డను ఎత్తుకుని, రోడ్డు ఖాళీ అయ్యేదాకా కదలకుండా నిలబడి, అప్పుడు దాటాం.

బస్సెక్కి సీట్లో కూచున్నాక నా భార్య “గా ముడి ఏసినోని చేతులు ఇరుగ!” అని శపించింది.

నా ఒళ్లో ఉన్న పిల్ల తలెత్తి, “ఎవరేసిన్రు బాపూ?” అంది.

ఎవరో ఏమో అంటే సరిపోయేది. కానీ ఆ మొహం చూస్తూ అబద్ధం రాలేదు.

“నేనే బిడ్డా.”

నా భార్య పిల్లను నా ఒళ్లోంచి తీసుకుంది. ఊరు వచ్చేదాకా మళ్లీ నా చేతికివ్వలేదు.