అక్క కిడ్నీతో ఆరేళ్లు బతికిన రెడ్డెప్ప

పుంగనూరు రెడ్డెప్ప ఇక లేడు. మదనపల్లె గ్రంథాలయంలో నేను చదువుకుంటూ ఉండగా పాలవ్యాను డ్రైవరు గుమ్మంలో నిలబడి ఆ వార్త చెప్పాడు. ఎదుట తెరిచి ఉన్న పుటలో ఆ తర్వాత ఒక్క అక్షరమూ నాకు కనిపించలేదు. అతనికి నలభై దాటి రెండేళ్లయినా కాలేదు. అతని అకాల మరణంలో నా భాగమూ ఉందన్న బాధ నన్ను వదలడం లేదు.

రెడ్డెప్ప ఆవులు సాకేవాడు. బడికి పోలేదు గానీ, నడక చూసి పశువు రోగం చెప్పగలిగేవాడు. తొంభైల చివర అతని మూత్రపిండాలు రెండూ చెడిపోతే, కుప్పంలో ఉండే అక్క మునెమ్మ తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. బెంగళూరులో ఆపరేషను అయ్యాక పరామర్శకు వెళ్లాను. “ఇది మా అక్కదప్పా. తెల్లారకముందే లేపతాది, ఊరికే కూకోనీదు” అన్నాడు. “నోరు మాత్రం నేను ఈలేదురా, అది నీదే” అంది మునెమ్మ.

ఒళ్లు ఆ కిడ్నీని తోసిపుచ్చకుండా రోజూ వేసుకోవాల్సిన మాత్రల కోసం నెలకొకసారి మదనపల్లె వచ్చి, బస్సు వేళదాకా గ్రంథాలయంలో నా పక్కన కూర్చునేవాడు. “ఈ పొద్దు ఏం సదివినావప్పా?” అని అడిగేవాడు. సైకిలు షాపులో పనిచేస్తూ, నిఘంటువు పక్కన పెట్టుకొని ఇంగ్లీషు విజ్ఞాన పత్రికలు చదవడం నేర్చినవాణ్ణి నేను. ఒకనాడు ఉత్సాహంగా ఒక వ్యాసం వినిపించాను. పరాయి అవయవంపై దాడిచేసే కణాలతోపాటు, ఆ దాడిని అదుపుచేసే కణాలూ మన ఒంట్లో ఉంటాయి. వాటిని రక్తంలోంచి తీసి పెంచి, దాత అవయవాన్ని గుర్తుపట్టేలా మలచి తిరిగి ఎక్కిస్తే, జీవితాంతం మాత్రలు మింగే అవసరం తప్పవచ్చునని శాస్త్రజ్ఞుల ఆశ.

రెడ్డెప్పకు ఇది తన పశువుల పనిలాగే తోచింది. దూడ చచ్చిన ఆవుకు తల్లిలేని దూడను అలవాటు చేయడానికి, ఆవులు సాకేవాళ్లు ఆ దూడ వీపున ఉప్పునీళ్లు రాసి ఆవు చేత నాకిస్తారు. తన్నకుండా ఆవు వెనక కాళ్లకు తాడు కడతారు. ఒకరు మెడ నిమురుతూ నిలబడతారు. “ఆ నిమిరేటోడే నువ్వు సెప్పే కణం. మాత్రలు తాడు. ఆవు దూడను ఒప్పుకున్నాక తాడు ఇప్పేస్తాము గదప్పా!” అన్నాడు. ఆ పోలికకు పొంగిపోయాను. ఇదంతా ఇంకా ఎలుకల మీదే జరుగుతోందని వ్యాసం చివర ఉంది. అతని ముఖంలోని సంతోషం చూసి ఆ వాక్యం చదవలేదు. వచ్చే నెల చెబుదామనుకున్నాను.

మరుసటి నెల అతను రాలేదు. ఆరేళ్లలో తన ఒళ్లు అక్క కిడ్నీని ఒప్పుకున్నదని నమ్మి, భార్యకు కూడా చెప్పకుండా మాత్రలు మానేశాడు. కాళ్లు వాచి బెంగళూరు చేరేసరికి ఆ కిడ్నీ పనిచేయడం ఆగిపోయింది.

ఆసుపత్రికి చూడబోయినప్పుడు నా తప్పు ఒప్పుకున్నాను. “మానేయమని నువ్వు సెప్పలేదులే, తొందర నాది. మా అక్కకు మాత్రం సెప్పొద్దప్పా. ఆమె ఇచ్చింది పారేసినానని అనుకుంటాది” అన్నాడు. సరేనన్నాను.

అతను కోలుకోలేదు. కర్మకాండ ముగిశాక మునెమ్మ నన్ను పక్కకు పిలిచింది. “సదివినోడివి, నిజం సెప్పప్పా. నా కిడ్నీలోనే లోపముండాదా? సెడ్డది ఇచ్చి సంపుకుంటినా?”

“లేదక్కా. నీది మంచిదే. మాత్రలు మానేసినాడు. ఆ ఆశ పెట్టింది నేను.”

ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. “నాది సెడ్డది కాదంటివి, సాలు. ఈ పొద్దు మాత్రం నా ముందర ఉండొద్దప్పా, పో.”

వచ్చేశాను. రెడ్డెప్పా, నీకిచ్చిన మాట తప్పాను. ఆమెను ఆ అనుమానంతో వదిలేయడం నా చేత కాలేదు. నేను చదివింది విని, నాకే తిరిగి అర్థం చెప్పగలిగినవాడివి నువ్వొక్కడివే. నీ స్మృతికి నమస్కరిస్తున్నాను. క్షమించమని అడిగే ధైర్యం ఇంకా రాలేదు.