ఆదివారం సాఫ్ట్‌వేర్ దీప్తి

అమీన్‌పూర్ దీప్తి ఒక్కసారి గుడ్లురిమితే కంప్యూటర్లు హడలిపోయి వాటంతటవే ప్రోగ్రాములు రాసుకుంటాయి. నమ్మనివాళ్లు ఏ ఆదివారమైనా పటాన్‌చెరు కమ్యూనిటీ హాలుకు వచ్చి చూసుకోవచ్చు. సేవాసంస్థలకు ఉచితంగా యాప్‌లు చేసిపెట్టేందుకు ఇంజనీర్లను పోగేసేది ఆవిడే. భుజాన ఎక్స్‌టెన్షన్ బోర్డులు, చున్నీ కొసన ముడేసిన హాలు తాళంచెవి, అందరికీ పోసి తాను తాగడం మరిచిపోయిన చాయ్, ఇదీ ఆవిడ వాలకం.

మొన్న విమల వచ్చింది. చిట్కుల్‌లో కూలీల పిల్లలను చూసుకునే ఆయమ్మ. సాయంత్రం ఏ బిడ్డను ఎవరు తీసుకెళ్లారో నమోదు చేసే యాప్ ఆమె కోసమే చేశారు. ట్యాబ్‌లో తెరవగానే అది ఓటీపీ అడిగింది. ఓటీపీ వచ్చే ఫోనేమో డ్యూటీకెళ్లిన మొగుడి జేబులో ఉంది. హాలంతా తననే చూస్తుంటే విమల ముఖం చిన్నబోయింది. "నాతోని కాదు మేడం. సదువు రానిదాన్ని, ఇగ పోత" అని లేచింది. దీప్తి ఇంజనీర్లవైపు తిరిగి, "తప్పు అక్కది కాదు, మనది" అంది. అంతే, ఓటీపీ పోయి వేలిముద్ర వచ్చింది. విమల వేలు ఆనించగానే పిల్లల ఫొటోలు విచ్చుకున్నాయి. "వీడు మా గుండుగాడు" అని ఆమె నవ్వేసింది.

దీప్తి చూపుకే యాప్ దారికొచ్చిందని పటాన్‌చెరంతా కోడై కూస్తోంది. ఆవిడనడిగితే మాత్రం, "గట్లేం లేదు. అక్క లేసిపోతుంటే చెయ్యి పట్టి కూసోబెట్టిన, గంతే."