తొమ్మిది నియమాల వంతుల పట్టిక

ముప్పై నాలుగేళ్లకే జ్ఞాపకాలు చెప్పుకోవడం సిగ్గుగానే ఉంది గాని, నాతోపాటు ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నవాళ్లకు నా బాధ అర్థమవుతుందని ధైర్యం. పోయిన వారం మా ఆఫీసులో తలా ఒక పాత పనిని కృత్రిమ మేధకు అప్పగించి చూడమన్నారు. నేను నా మొట్టమొదటి ప్రోగ్రామును ఎంచుకున్నాను. పులికాట్ ఒడ్డున మా ఊళ్లో ఏ ఇంటివాళ్లు ఏ రోజు సరస్సులో ఎక్కడ వల వేయాలో వంతులు కట్టే ప్రోగ్రాము అది. అప్పట్లో మొదట రాసుకున్న తొమ్మిది నియమాలూ వరుసగా ఇచ్చాను. పని మొదలుపెట్టే ముందు అది నన్నొక ప్రశ్న అడిగింది: వంతు వచ్చిన రోజున ఆ ఇంటివాళ్లు వెళ్లలేకపోతే ఆ వంతు ఏమవుతుంది? నేను కీబోర్డు మీంచి చేతులు తీసేశాను.

అప్పుడు నాకు ఇంజనీరింగు చివరి ఏడాది. ఊరి వంతులన్నీ మా పెదనాన్న నోటి మీదే నడిచేవి. సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గర, వానల తర్వాత రొయ్య దిగే రోజుల్లో దొరికే ఒక్క వంతు, మిగతాచోట్ల నెల కష్టానికి సమానం. పెదనాన్నకు మతిమరుపు మొదలై తగాదాలు వస్తున్నాయని, నేను నోటుపుస్తకం పట్టుకుని ఆయన పక్కన కూర్చుని, ఆయన చెప్పిందల్లా అంకెలు వేసి రాసుకుని, కంప్యూటర్లో పట్టిక తయారుచేసి, ప్లాస్టిక్ కాగితంలో పెట్టించి వలల పాక గోడకు తగిలించాను. ఊరంతా దాన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తుంటే గర్వపడ్డమాట నిజం.

ఆ కార్తీకంలో మా చిన్నాన్న పోయాడు. మైల ఇంటివాళ్లు పదకొండు రోజులు వల ముట్టరు. సరిగ్గా ఐదోరోజున వాళ్లకు ముఖద్వారం దగ్గర వంతు వచ్చింది. అలాంటప్పుడు పక్కింటివాళ్లు ఆ వంతు వాడుకుని, తమ వంతు వచ్చినప్పుడు దాన్ని మైల ఇంటికి వదిలేయడం మా ఊరి ఆచారం. అక్కడే పుట్టిన నాకూ అది తెలుసు, కానీ నా తొమ్మిది నియమాల్లో లేదు. పక్కింటివాళ్లు పిన్ని వంతు వాడుకున్నారు. తమ వంతు వచ్చినప్పుడు గోడమీద పట్టిక చూపించి, ఇందులో మా పేరే ఉందన్నారు. అందరూ ఒప్పుకున్న కాగితం కనుక ఎవరూ కాదనలేకపోయారు. రొయ్య కాలం అయిపోయింది. ఇద్దరు పిల్లలతో పిన్ని ఆ ఏడు ఉత్త చేతులతో మిగిలిపోయింది.

నాకెందుకు చెప్పలేదని పెదనాన్నను అడిగాను.

"పూజ చేసి వంతులు కట్టే పూట చావు మాట ఎత్తుతార్రా ఎవురైనా? అది నువ్వు అడగాల," అన్నాడు.

పిన్ని దగ్గరికి వెళ్లాను. తిట్టలేదు. అన్నం పెట్టి, చారు పోస్తూ మెల్లిగా అడిగింది. "మీ చిన్నాయన పోయినాడని నీ కంప్యూటర్‌కి ఎవురూ చెప్పలేదా అబ్బయా?"

మర్నాడే పదో నియమం చేర్చాను. పిన్నికి దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ఉద్యోగంలో చేరాక, ఏ పని ఇచ్చినా రాయడానికి ముందు దాన్ని వాడేవాళ్ల దగ్గర రెండు రోజులు ఊరికే కూర్చునే అలవాటు నాకు అక్కడినుంచే వచ్చింది. చెప్పడానికి వాళ్లు ఇష్టపడనిదేమిటో వెతికేవాణ్ణి. పైవాళ్లు దాన్ని కాలయాపన అనేవారు, నేను మాత్రం నా వృత్తి అంటే అదేననుకునేవాణ్ణి. నాకు ఒక ఇంటి రొయ్య కాలం ఖర్చయి వచ్చిన ప్రశ్నను ఈ యంత్రం ఒక్క క్షణంలో అడిగేసింది. అందుకే మన పని అది లాక్కుంటుందా అని కుర్రవాళ్లు అడిగితే, లేదని చెప్పడానికి ఇప్పుడు నాకు నోరు రావడం లేదు.

ఆ రెండు రోజులు ఇప్పుడెవరూ ఇవ్వరు. పోయిన నెల ఒక ఆసుపత్రికి రోగుల వరుస చూసే ప్రోగ్రాము యంత్రంతోనే రాయించి, ఆ ఆసుపత్రి ఏ ఊళ్లో ఉందో కూడా చూడకుండా పంపించాం. అందులో తప్పుందని ఇంతవరకు ఎవరూ అనలేదు. అనాలనుకున్నా, ఎవరిని అనాలో అక్కడివాళ్లకు తెలియదు.