లేని ఆఫీసుకు బోర్డు

వీధిలో అందరూ ఆయన్ని రిటర్నుల పెదనాన్న అంటారు. చదివింది పల్లెబడిలో ఎనిమిదో తరగతి వరకే. అయితేనేం, ఈ ఊరి గడప తొక్కని ఏడు విదేశీ కంపెనీలకు ఇక్కడి ప్రతినిధి ఆయనే. సముద్రాల అవతల ఉండి ఇక్కడ సరుకు అమ్మే ఆ కంపెనీలు, ఆఫీసు లేకపోయినా అమ్మకాల మీద వ్యాట్ పన్ను కట్టాలి, అందుకు నమోదు చేయించుకోవాలి, మూడు నెలలకోసారి ఆ లెక్కల రిటర్ను వెయ్యాలి. ఆ పనంతా మేడమీది గదిలో కూర్చుని పెదనాన్న చూస్తాడు. పందొమ్మిదేళ్లలో ఒక్క రిటర్నూ గడువు దాటలేదు. ఈ సంగతి పాలుపోసే ఆయనకు కూడా కంఠతా వచ్చు.

ఎనిమిదోదిగా ఒక గుండీల కంపెనీ వచ్చి చేరింది. పెదనాన్న ఛాతీ ఉప్పొంగింది. నమోదు దరఖాస్తు పంపిన మర్నాడే పెయింటరును పిలిపించి గుమ్మం మీద బోర్డు రాయించాడు: కంపెనీ పేరు, దాని కింద 'శాఖా కార్యాలయం'.

"శాఖేదండీ? ఉన్నది మీరూ, నా కుట్టుమిషనూనూ," అంది పెద్దమ్మ.

"నీకు తెలీదులేవే. బోర్డు లేని మనిషిని ఎవరు లెక్కచేస్తారు?"

లెక్కచేసే మనిషి వారానికే వచ్చింది. తనిఖీకి వచ్చిన పన్నుల ఇన్‌స్పెక్టరమ్మ మెట్ల మీదే ఆగి బోర్డు రెండుసార్లు చదివింది.

"ఏమండీ పెద్దాయనా, ఈ కంపెనీకి ఇక్కడ ఆఫీసు లేదని దరఖాస్తులో రాశారు. ఉందని బోర్డు అంటోంది. ఏది నమ్మమంటారు?"

బోర్డు తెచ్చిన చిక్కు పెదనాన్నకు అప్పుడు తట్టింది. శాఖ ఉంటే దాని నమోదు వేరు, పన్నుల తీరు వేరు. దరఖాస్తులో అబద్ధం రాశాడని తేలితే ప్రతినిధిగా ఆయన అనుమతే రద్దు. ఎనిమిది కంపెనీలూ ఒక్క దెబ్బతో చేజారతాయి.

"అమ్మా, పందొమ్మిదేళ్లుగా నేను..."

"అది తర్వాత చెబుదురుగాని. మీ కింద ఎంతమంది పనిచేస్తున్నారు?"

పెదనాన్న కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. మిషను దగ్గర్నుంచి పెద్దమ్మే అందుకుంది.

"చెప్పరేమండీ? మీ కింద ఉన్నది కుర్చీ ఒక్కటేగా!"

"సరుకెక్కడ దాస్తారు?"

"ఇక్కడికి రాదమ్మా. కొన్నవాళ్లకే నేరుగా పోతుంది," అన్నాడు పెదనాన్న.

"బేరాలు మీరు కుదురుస్తారా?"

"ఒక్క గుండీ కూడా అమ్మలేదు తల్లీ. వాళ్ల కాగితాలు నింపుతానంతే."

"అయితే అదే రాసివ్వండి. బోర్డు ఎందుకు పెట్టారో కూడా రాయాలి."

"అది తప్పదా?"

"తప్పదండీ."

పెదనాన్న కలం పట్టుకుని చాలాసేపు వెతికాడు. గౌరవంగా ఉండే కారణం ఒక్కటీ దొరకలేదు. చివరికి రాశాడు: 'ఇక్కడ శాఖ లేదు, సిబ్బంది లేరు, గోదాము లేదు. బోర్డు నా గొప్ప కోసం నేను రాయించుకున్నది.'

ఇన్‌స్పెక్టరమ్మ గదంతా కలియజూసి, కాగితం చదివి, నవ్వు ఆపుకుంది.

"బోర్డు ఇవాళే దించెయ్యండి. నమోదుకు అడ్డేమీ లేదు. అన్నట్టు, మీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయండీ!"

"పల్లెబడి చేతిరాతమ్మా!" పెదనాన్న ఛాతీ మళ్లీ ఉప్పొంగింది.

ఆ బోర్డు మీద ఇప్పుడు పెద్దమ్మ గుడ్డలు కత్తిరిస్తోంది. పాలుపోసే ఆయన మాత్రం పందొమ్మిదేళ్ల కథతోపాటు, పన్నుల అధికారి మెచ్చిన చేతిరాత కథ కూడా రోజూ వింటున్నాడు.

"ఇంతకీ ఏం రాశారు పెదనాన్నా?" అని అడిగితే మాత్రం ఆయనకు వెంటనే ఏదో రిటర్ను గడువు గుర్తొస్తుంది.